నియంతల పొగడ్తలు చాలు, మన పత్తి ధర ఎక్కడ తేలుతుందో చెప్పండి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎమ్మెల్యేలకు, ఎంపీలకు, ఎమ్మెల్సీలకు, అన్ని పార్టీల జిల్లా అధ్యక్షులకు

నమస్కారం.

మేం నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు ఉండే కొందరు రిటైర్డ్ టీచర్లం, పత్తి రైతులం, వరి రైతులం. మాలో ఇద్దరు అడ్వకేట్లు కూడా ఉన్నారు. మీలో కొందరికి ఓట్లు వేశాం, కొందరికి వేయలేదు. మా మెడలో ఏ పార్టీ కండువా లేదు. ఈ సంగతులే కాగితం మీద రాసి కొన్ని క్యాంపు ఆఫీసుల్లో, పార్టీ ఆఫీసుల్లో ఇచ్చాం. ముట్టినట్టు స్టాంపు వేసి ఇచ్చారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాం.

ఈ మధ్య మీ సభల్లో, ప్రెస్‌మీట్లలో, పెళ్లిళ్ల దగ్గర ముచ్చట్లలో ఒకే రకం మాటలు వింటున్నాం. "హిట్లర్ లాంటోడు ఓ అయిదేండ్లు కూసుంటే దేశం సీదా అయితది." "చైనాల లంచం తిన్నోణ్ణి నిలబెట్టి కాలుస్తరు, అందుకే అక్కడ అవినీతి లేదు." "సింగపూర్‌ను ఒక్క మనిషి బంగారం చేసిండు, అడ్డం మాట్లాడేటోడు లేకపాయె." చప్పట్లు కూడా బాగానే పడుతున్నాయి. అలాంటి ఒక సభలోనే ఒక రైతు లేచి యూరియా ఎందుకు వస్తలేదని అడిగితే, వేదిక మీదున్న పెద్దమనిషి "పైనుంచి రావాలె" అని మైకు పక్కవారికి ఇచ్చేశారు.

ఈ రెండూ వేరువేరు సంగతులు కావని మా అభిప్రాయం. ఒక్క మొనగాడు వస్తే అన్నీ చక్కబడతాయని నమ్మే నాయకుడికి ప్రపంచం ఎలా నడుస్తుందో తెలుసుకునే పని ఉండదు. ఆ తెలియనితనం ఖర్చు మాత్రం మా మీద పడుతోంది. అదెలాగో వరసగా చెబుతాం.

1. ముందు సింగపూర్ సంగతి. మీ నోట ఎక్కువగా వినిపించేది అదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. సింగపూర్ మొత్తం దాదాపు 730 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి నల్లగొండ జిల్లా ఒక్కటే 7 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఓడరేవే ఊరు, ఊరే దేశం అయిన చోటు అది. లీ క్వాన్ యూ 1959 నుంచి 1990 దాకా ప్రధానిగా ఉన్నారు. ఇళ్లు కట్టించారు, అవినీతి మీద దర్యాప్తు సంస్థకు కోరలు ఇచ్చారు. ఇవి నిజాలే, మేమూ కాదనం. కానీ ఆ దర్యాప్తు సంస్థ 1952లో, అంటే ఆయన గద్దె ఎక్కకముందే పుట్టింది. 2024 అక్టోబర్‌లో అదే దేశపు మాజీ రవాణా మంత్రి ఈశ్వరన్‌కు 12 నెలల జైలు పడింది. చేసిన నేరం ఏమిటంటారు? తన శాఖతో పనులున్న వ్యాపారుల దగ్గర కారు రేసుల టికెట్లు, నాటకాల టికెట్లు, మందు సీసాలు, ఒక సైకిల్ లాంటి కానుకలు పుచ్చుకోవడం. మన దగ్గర పుట్టినరోజు ఫ్లెక్సీల ఖర్చు ఎవరు పెట్టారో అడగడం మొదలుపెడితే ఎంతమంది మిగులుతారో మీరే లెక్కేసుకోండి.

అదే సింగపూర్‌లో చియా థై పో అనే ప్రతిపక్ష ఎంపీని 1966లో పట్టుకుపోయి, కోర్టులో విచారణే లేకుండా 1989 దాకా నిర్బంధించారు. ఆ తర్వాత కూడా ఆంక్షలు ఎత్తేయడానికి 1998 దాకా పట్టింది. మీరు కోరుతున్నది మంత్రిని జైలుకు పంపిన సింగపూరా, ఎంపీని ఇరవై మూడేళ్లు లోపల పెట్టిన సింగపూరా? మొదటిదైతే దానికి నియంత అక్కర్లేదు. మన దగ్గరున్న ఏసీబీని, లోకాయుక్తను వాటి పని వాటిని చేయనిస్తే చాలు. రెండోదైతే, రేపు ప్రతిపక్షంలో కూర్చోవాల్సింది మీలోనే సగం మంది.

2. చైనాలో అవినీతి లేదనే మాట. 2012 నుంచి అక్కడ అవినీతి మీద పెద్ద వేటే నడుస్తోంది. పన్నెండేళ్ల తర్వాత, 2024 జూన్‌లో, ఒకరి తర్వాత ఒకరు రక్షణ మంత్రులుగా చేసిన ఇద్దరిని లంచాల కేసులో పార్టీ నుంచి వెళ్లగొట్టారు. కాల్చేస్తారన్న భయంతో లంచం ఆగేదే అయితే దేశ రక్షణ మంత్రి దాకా ఎందుకు పాకుతుంది? 2018లో దేశాధ్యక్షుడి పదవికి రెండుసార్లే అన్న హద్దు కూడా తీసేశారు. ఇక ఆయన్ను అడిగేదెవరు?

ఈ విషయంలో మన ఉమ్మడి నల్లగొండ నాయకులు మరింత ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చనిపోయిన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఆయన విగ్రహానికి మీరంతా దండలు వేశారు. ఆ ఘర్షణలో 20 మంది చనిపోయారని మన సైన్యం మర్నాడే ప్రకటించింది. చైనా మాత్రం తనవాళ్లు నలుగురు పోయారని ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు తీసుకుంది. ఆ లెక్క మీద అనుమానం రాసిన ఒక చైనా బ్లాగరుకు ఎనిమిది నెలల జైలు వేశారు. సూర్యాపేటలో దండ వేసి, పక్క మండలం సభలో ఆ పాలనే మనకు కావాలనడం ఏం పద్ధతి?

3. హిట్లర్ గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. ఆయన 1933 జనవరి 30న చాన్సలర్ అయ్యాడు. మే 2న కార్మిక సంఘాల ఆఫీసులు స్వాధీనం చేసుకున్నారు. జూలై 14 నాటికి జర్మనీలో ఆయన పార్టీ తప్ప వేరే పార్టీ ఉండకూడదని చట్టమే వచ్చింది. అంటే ఆరు నెలలు తిరక్కుండానే మీ కండువా, మీ జెండా గద్దె, మీ జిల్లా ఆఫీసు ఏవీ ఉండేవి కావు. "రోడ్లు వేసిండు కదా" అంటారా, అక్కడ కొలోన్ నుంచి బాన్‌కు పెద్ద రోడ్డు 1932లోనే తెరిచారు. అప్పటికి ఆయనింకా గద్దె ఎక్కలేదు.

4. అయినా గట్టి పాలన చూడటానికి మనకు జర్మనీ దాకా పోవాలా? నిజాం కూడా రైలు వేశాడు, ఆస్పత్రి కట్టాడు, నిజాంసాగర్ కట్టాడు. అదే పాలనలో రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఆ ఊరు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు బలైనవాళ్లు పాలమూరు బిడ్డలు. రజాకార్లకు వ్యతిరేకంగా కలం పట్టిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద నరికారు. ప్రతి సెప్టెంబర్ 17న మీరు జెండా ఎగరేసేది ఈ గడ్డ మీదే. ఆ రోజు ఒక ప్రసంగం, మిగతా రోజుల్లో ఇంకో ప్రసంగం ఎలా కుదురుతుందో మాకు అర్థం కావడం లేదు.

ఎమర్జెన్సీ వచ్చినప్పుడు అధికార పార్టీలోనే ఉండి, దాన్ని వ్యతిరేకించి బయటికి వచ్చిన జైపాల్ రెడ్డి నల్లగొండ జిల్లాలో పుట్టి, పాలమూరు నుంచి రాజకీయం చేసిన మనిషి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ, 1952లో వనపర్తి ఎమ్మెల్యే. వీళ్లు మీ కుర్చీల్లో కూర్చున్నవాళ్లే. ఎవరి ఫొటో పెట్టుకోవాలో తెలియనంత కరువేమీ మనకు లేదు.

5. ఇక అసలు సంగతికి వద్దాం. విదేశీ వ్యవహారాలంటే ఢిల్లీలో కోట్లు వేసుకున్నవాళ్ల పని అని మీరు అనుకుంటున్నారు. మా పొలాల్లోకి అవి ఎలా దిగుతున్నాయో చూడండి.

పత్తి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని మొత్తం 50 శాతానికి పెంచింది. బట్టల మిల్లులకు ఊరట ఇవ్వాలని కేంద్రం విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. నల్లగొండలో పత్తి ఏరడం ఎప్పుడు మొదలవుతుంది? మార్కెట్‌కు బండి ఎప్పుడు కడతాం? సరిగ్గా ఆ నెలల్లోనే. 2025-26 సీజన్‌కు మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు అని బోర్డు ఉంది. ప్రైవేటు వ్యాపారి దానికి చాలా తక్కువే అడుగుతాడు. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి పోదామంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబర్ వానకు తడిసిన పత్తిలో మిషన్ ముల్లు గుచ్చి, అంకె చూసి, "ఎండబెట్టి తీసుకురా పెద్దాయనా" అంటే, కిరాయి ట్రాక్టర్‌ను మళ్లీ ఊరికి తిప్పిన రైతుకు వాషింగ్టన్ సుంకానికీ తన బండికీ ఉన్న సంబంధం ఎవరు చెప్పాలి? ఆ సీజన్‌లో మేం విన్న సభల్లో ఒక్కరూ చెప్పలేదు.

యూరియా. మనకు కావలసిన యూరియా అంతా మన దగ్గర తయారు కాదు. ఒమన్, ఖతార్, సౌదీ, రష్యా లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాలి. ఇక్కడ తయారయ్యే దానికీ సహజవాయువు కావాలి, అందులో పెద్ద వాటా దిగుమతే. ఒకప్పుడు మనకు బాగా అమ్మిన చైనా తన రైతులకే ముందు అని ఎగుమతులు బిగించింది. 2025 వానాకాలంలో దీనికి రామగుండం ఫ్యాక్టరీ ఆగిపోవడం కూడా తోడైంది. సొసైటీల ముందు తెల్లవారకముందే చెప్పుల వరస, ఆ చెప్పుల మీద పట్టా పాస్‌బుక్ జిరాక్సులు, గాలికి పోకుండా వాటి మీద రాళ్లు. 266 రూపాయల బస్తా కోసం ఆడవాళ్లు రెండు పూటలు కూలి వదులుకుని నిలబడ్డారు. అదే వారంలో ఒక నాయకుడు చైనా బుల్లెట్ రైలును పొగుడుతూ మాట్లాడారు. ఆ రైలు సంగతి తర్వాత, ముందు బస్తా సంగతి అడగండి.

ఒక్కడి మాటే చట్టమైతే ఎరువుల విషయంలో ఏమవుతుందో శ్రీలంకను చూస్తే తెలుస్తుంది. 2021లో అక్కడి అధ్యక్షుడు గొటబాయ రాజపక్స ఎవరినీ అడగకుండా రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే ఆపేశారు. వరి పడిపోయింది, తేయాకు పడిపోయింది, బియ్యం బయటి నుంచి కొనాల్సి వచ్చింది. నవంబర్‌లో వెనక్కి తగ్గారు కానీ అప్పటికే పంట కాలం పోయింది. 2022 జూలైలో ఆయన దేశం వదిలి మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు పారిపోయారు. మన దగ్గర మూడు సాగు చట్టాల మీద రైతులు ఏడాదిపాటు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చోగలిగారు, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అలా కూర్చునే వీలు ఉండటమే మాకు రక్షణ.

బియ్యం. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ నిషేధం 2024 సెప్టెంబర్ చివర్లో గానీ పోలేదు. మధ్యలో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీకి కూడా ఆ సెగ తగిలింది. 2025లో మన రాష్ట్రం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు బియ్యం పంపింది, సంతోషం. సెప్టెంబర్‌లో ఫిలిప్పీన్స్ తన రైతులకు ధర పడిపోకుండా దిగుమతులు ఆపేసింది. ఆ దేశం పేరు మీ నోట మేం విన్నది ఒకే ఒక్కసారి, డ్రగ్స్ వాళ్లను కాల్పించిన అక్కడి మాజీ అధ్యక్షుడు డుటెర్టే "మొగోడు" అని మెచ్చుకున్నప్పుడు. ఆ డుటెర్టేను 2025 మార్చిలో పట్టుకుని హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు తీసుకుపోయారు.

పల్లీ గురించి ఒక్క మాట. 2025 మే చివర్లో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద బేసిక్ సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గింది. కొనేవాళ్లకు మేలే. అచ్చంపేట, కల్వకుర్తి, వనపర్తి పల్లీ రైతుకు దాని ప్రభావం ఏమిటో లెక్క తీసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి వింటాం.

6. షాద్‌నగర్. ఇది రాయడం కష్టంగానే ఉంది. 2019 నవంబర్‌లో ఒక ఆడబిడ్డ మీద జరిగిన ఘోరం మనందరినీ కుదిపేసింది. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. పూలు చల్లారు, స్వీట్లు పంచారు, మీలో చాలామంది భేష్ అన్నారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ నలుగురూ నారాయణపేట జిల్లా పేద కుటుంబాల వాళ్లు. నేరం కోర్టులో రుజువై శిక్ష పడి ఉంటే ఆ ఆడబిడ్డ తల్లిదండ్రులకు ఒక తీర్పు కాగితమైనా చేతికి వచ్చేది. ఇప్పుడు అదీ లేదు. ఆ రోజు భేష్ అన్నవారిలో ఒక్కరైనా ఆ నివేదిక చదివారా?

7. బయటికి పోయిన మనవాళ్లు. పాలమూరు నుంచి వలస కొత్త కాదు. ఇప్పుడు బొంబాయి, పుణె దాటి గల్ఫ్‌కు, ఇంకా దూరానికి పోతున్నారు. సెక్యూరిటీ గార్డు, హెల్పర్ ఉద్యోగమని ఏజెంటు రష్యాకు తీసుకుపోతే యుద్ధంలో తుపాకీ పట్టాల్సి వచ్చిన తెలంగాణ యువకుల్లో ఉమ్మడి పాలమూరు వాడూ ఉన్నాడు. హైదరాబాద్ కుర్రాడు ఒకరు అక్కడే చనిపోయాడు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ పని అని నమ్మించి, 2021లో సైన్యం గద్దె లాక్కున్న మయన్మార్‌లో సరిహద్దు మీదున్న మ్యావడీ సైబర్ ముఠాలకు అప్పగిస్తే, 2025లో వాయుసేన విమానంలో తిరిగొచ్చిన వందల మంది భారతీయుల్లో మన రాష్ట్రం వాళ్లు కూడా ఉన్నారు. "పుతిన్ అంటే పులి" అని మీరు అంటున్నప్పుడు ఆ పులి నోట్లో మన పిల్లలున్నారు. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలని, దాంతోపాటు 10 లక్షల బీమా ఉంటుందని, విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఆ రెండూ ఎగ్గొడుతున్నాడని మీ మండల కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు? శవపేటిక శంషాబాద్‌లో దిగాక అంబులెన్స్ మాట్లాడటం మీకు బాగా వచ్చు. దాన్ని చిన్నచూపు చూడటం లేదు, ఆ సాయం పొందినవాళ్లు మాలోనూ ఉన్నారు. కానీ మనిషి విమానం ఎక్కకముందు చేయాల్సిన పని ఉంది.

అమెరికాలో చదువుకు పోయిన పిల్లల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబర్‌లో అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అనగానే మీ ఇళ్లలోనే ముందు టెన్షన్ మొదలైంది.

కాబట్టి మా డిమాండ్లు:

ఒకటి. హిట్లర్ మొదలు ఏ నియంత పేరైనా ఆదర్శంగా చెప్పడం మీ వేదికల మీద ఆపేయాలి. నోరు జారినవారితో పార్టీలే మాట వెనక్కి తీయించాలి.

రెండు. ప్రతి వానాకాలం, యాసంగి మొదలయ్యే ముందు ఎంపీలు తమ నియోజకవర్గంలో ఒక మార్కెట్ యార్డులో కూర్చుని పత్తి, వరి, పల్లీ, నూనెల దిగుమతి ఎగుమతుల నిర్ణయాలు, ఎరువుల ఓడల సంగతి రైతులకు చెప్పాలి. ఎంపీలు అధ్యక్షత వహించే, జిల్లాలో కేంద్ర పథకాల అమలును చూసే దిశ కమిటీ సమావేశాల్లో కూడా ఇది చర్చకు రావాలి.

మూడు. పత్తి మార్కెట్‌కు వచ్చే అక్టోబర్ నుంచి జనవరి దాకా దిగుమతి సుంకం ఎత్తేయకూడదని మన ఎంపీలు పార్టీలకు అతీతంగా కలిసి పార్లమెంటులో అడగాలి. ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో మేం ప్రశ్నల జాబితా చూసి ఊళ్లో చెబుతాం.

నాలుగు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో విదేశాలకు పోయినవాళ్ల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి ఉన్నట్టే నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణిలో విదేశాలకు పోయేవాళ్ల కోసం ఒక టేబుల్ పెట్టించాలి. ఏజెంటు లైసెన్స్ నిజమైనదేనా, వీసా ఏ రకం, బీమా ఉందా అన్నవి అక్కడే చూసి చెప్పే మనిషి ఉండాలి.

ఐదు. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక మీద మీ పార్టీ వైఖరి ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి.

వచ్చే వానాకాలం విత్తనాలు పడేలోపు జవాబు ఆశిస్తున్నాం. నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు రమ్మన్నా, బాదేపల్లి యార్డుకు రమ్మన్నా మా ఖర్చులతో వస్తాం. శాలువాలు, బొకేలు వద్దు. మైకు అటూ ఇటూ తిరిగేలా రెండు ఉంటే బాగుంటుంది.

ఇట్లు
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కొందరు రైతులు, రిటైర్డ్ ఉపాధ్యాయులు, న్యాయవాదులు
నల్లగొండ